ఎలక్ట్రోడుకి అక్షరాభ్యాసం

మొగలిలంకలో తెలివి ఎవరింట్లో ఉంది అని అడిగితే పేరయ్య వెనకా ముందూ చూడకుండా తన ఇంటి గుమ్మం చూపించేవాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పేరయ్య, అతని భార్య మంగాయమ్మ, తమ్ముడు తాతబ్బాయి. ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అని పేచీ రాకుండా దేవుడు ముగ్గురికీ తెలివి సమానంగా పంచిపెట్టాడు.

ఊళ్ళో ఈ ముగ్గురినీ మాటవారు అనేవాళ్ళు. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారని ఆ పేరు. "లోకంలో సగం గొడవలు ఎందుకొస్తున్నాయో తెలుసా?" అనేవాడు పేరయ్య టీ కొట్టు దగ్గర కూర్చుని. "ఒకడు ఒకటి చెబుతాడు. విన్నవాడు దానికి ఇంకో అర్థం తీస్తాడు. మా ఇంట్లో ఆ పని లేదు. అన్నదే అర్థం."

ఒకసారి బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటే పేరయ్య జరిగాడు. జరిగి జరిగి ముందు తలుపులోంచి కిందకి దిగిపోయాడు. అంతే, బస్సు వెళ్ళిపోయింది. ఆరు మైళ్ళు నడిచి ఇంటికొచ్చి, "కండక్టరు చెప్పిన మాట నేను విన్నాను. బస్సే ఆగలేదు" అన్నాడు. మంగాయమ్మ అతని కాళ్ళకి నూనె రాస్తూ, ఇంత తెలివిగల మనిషి తనకి దొరికినందుకు మురిసిపోయింది.

వీళ్ళకి రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. కౌలుది. కిందటేడు తెల్లమచ్చ రోగం వచ్చి పంటంతా పోయింది. ఈ ఏడు కూడా పోతే చెరువు వదిలేసి ఇంకొకళ్ళ గట్టుమీద కాపలాకి పోవలసిందే. పేరయ్య ఆ మాట పైకి అనేవాడు కాదు. కానీ రొయ్య తింటోందో లేదో తెలియడానికి చెరువులో దింపిన మేత ట్రే పొద్దున్నే పైకి లాగేముందు దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు.

ఆ వారం ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్య తినడం మానేసింది.

పక్క చెరువు వర్ధనరాజు గారిది. ఇరవై ఏళ్ళుగా రొయ్యలు పెంచుతున్న మనిషి. గట్టు మీద నుంచే ట్రే వంక చూసి, "నీళ్ళు పరీక్ష చేయించు పేరయ్యా" అన్నాడు. "పీహెచ్ ఎంతుందో తెలియాలి. నీళ్ళు పులుపు వైపు పోతున్నాయో, చవుడు వైపు పోతున్నాయో అదే చెబుతుంది. ఏడుకి కిందకి పోతే పులుపు. తొమ్మిది దాటితే చవుడు. రొయ్యకి ఎనిమిది దగ్గరుంటే హాయి."

"ఆయ్" అన్నాడు పేరయ్య.

అంతే, అన్నదమ్ములిద్దరూ మండలం ఊళ్ళో ఉన్న నీటి పరీక్షల ల్యాబుకి వెళ్ళారు. అక్కడ సుభాషిణి అని ఒకావిడ ఉంది. ఓపిక గల మనిషి. పదేళ్ళ నుంచీ రైతులతో మాట్లాడుతోంది గనక ఎంత పెద్ద విషయమైనా చిన్న చిన్న మాటల్లో, పోలికలతో చెప్పడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటు ఎంత ప్రమాదమో ఆవిడకి అప్పటికింకా తెలియదు.

"చెరువు నీళ్ళు ఒక సీసాడు తీసుకురండి" అంది. "అంచు దాకా నింపాలి. గాలి ఉండకూడదు. గాలి తగిలితే నీళ్ళ గుణం మారిపోతుంది."

ఇంకేముంది. పేరయ్యా తాతబ్బాయీ సీసా పట్టుకుని చెరువు గట్టున కూర్చున్నారు. సముద్రం అక్కడికి మూడు మైళ్ళు. గాలి లేని పూట ఆ గట్టుకి తెలియదు. పొద్దున్న కూర్చున్నారు, గాలి. మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, ఇంకా గాలి. రెండో రోజు కూడా అంతే. కండువా ఎగిరి చెరువులో పడింది.

అప్పుడు మంగాయమ్మ ఆలోచించి చెప్పింది. "గాలి మన దగ్గరికి రాకుండా మనం ఆపలేం. నీళ్ళే గాలి లేని చోటికి పోవాలి."

చెరువు నీళ్ళు బిందెతో మోసుకొచ్చి ఇంట్లో చిన్నగదిలో పెట్టారు. తలుపులు మూశారు. కిటికీలు మూశారు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు. ఫ్యాను ఆపారు. సీసాలోకి వంచబోతుంటే తాతబ్బాయికి అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, మనం వదిలేది కూడా గాలే కదా?"

పేరయ్య తమ్ముడి వంక గర్వంగా చూశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. సన్నటి మూతి సీసా, సన్నటి ధార. సీసా సగం నిండేసరికి తాతబ్బాయి కళ్ళు తేలేసి పక్కకి ఒరిగిపోయాడు. మంగాయమ్మ అతని మొహాన నీళ్ళు చల్లింది. ఆ సగం సీసానే ల్యాబుకి పట్టుకెళ్ళారు.

సుభాషిణి సీసా వంక చూసి, వాళ్ళ మొహాల వంక చూసి, ఏమీ అడగకుండా పరీక్ష చేసింది. "ఏడు పాయింట్ ఒకటి ఉందండి. తక్కువే. రొయ్య తినకపోవడానికి అదే కారణం కావచ్చు. ఇంకా తగ్గుతుందేమో రోజూ చూసుకోవాలి. మీరు రోజూ ఇంత దూరం ఎక్కడ వస్తారు? మా దగ్గర పాత మీటరు ఒకటి ఉంది. పంట అయ్యేదాకా వాడుకుని తిరిగిచ్చేయండి."

ఆ మంచితనమే ఆవిడ చేసిన మొదటి పొరపాటు.

మీటరు చిన్న డబ్బా. దానికో తీగ. తీగ చివర పెన్నంత గొట్టం, గొట్టం కొసన పల్చటి గాజు బుడగ. ఆ గొట్టాన్నే ఎలక్ట్రోడు అంటారని చెప్పి, దాని మూతి ఒక చిన్న సీసాలో ముంచి ఉంచింది. తాతబ్బాయి నోటుబుక్కు తీసి మాట మాటా రాసుకున్నాడు.

"ఇది ఎప్పుడూ ఈ ఉప్పుద్రావణంలో నాని ఉండాలి. ద్రావణం అయిపోతే నాకు ఫోన్ చేయండి. మంచినీళ్ళు మాత్రం పోయకండి."

రాసుకున్నాడు.

"నీళ్ళు కొలిచే ముందు క్యాలిబ్రేషన్ చేయాలి. కంగారు పడకండి, అది మీటరుకి అక్షరాభ్యాసం లాంటిదే. ఏడంటే ఏడని, పదంటే పదని దానికి నేర్పిస్తాం. ఇదిగో, ఈ రెండు సీసాల్లో ఉన్నవి బఫర్లు. ఎంత కదిలించినా వీటి అంకె తొందరగా మారదు. దీని మీద ఏడని ఉంది, దాని మీద పదని ఉంది. ముందు ఎలక్ట్రోడుని ఏడులో పెట్టి మీట నొక్కండి. కడిగి, తర్వాత పదిలో పెట్టి నొక్కండి."

రాసుకున్నాడు.

"ఇంకొకటి. బఫర్లూ, చెరువు నీళ్ళూ, ఎలక్ట్రోడూ అన్నీ ఒకే వేడిలో ఉండాలి. ఒకటి చల్లగా ఒకటి వెచ్చగా ఉంటే లెక్క తప్పుతుంది."

అదీ రాసుకున్నాడు. "ఒక్క ముక్క కూడా వదలలేదండి" అన్నాడు వెళ్ళేముందు. నిజమే, వదలలేదు.

ఆటోలో వస్తుంటే గతుకుల రోడ్డు మీద ఉప్పుద్రావణం సీసా మూత ఊడి, ద్రావణమంతా తాతబ్బాయి లుంగీ మీద ఒలికిపోయింది.

"ఫోన్ చేద్దామా అన్నయ్యా?"

"అయిపోతే చెయ్యమంది. ఒలికిపోతే చెయ్యమనలేదు. చదివి చూడు."

తాతబ్బాయి నోటుబుక్కు తీసి చూశాడు. అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం.

ఇంటికొచ్చాక ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. మంచినీళ్ళు పోయకూడదు. మంచినీళ్ళు కాకపోతే చెడ్డనీళ్ళు. ఇందులో అర్థం కానిదేముంది? కష్టమల్లా ఏ నీళ్ళు బాగా చెడ్డవో తేల్చడం. మంగాయమ్మ గిన్నెలు కడిగిన నీళ్ళు చూపించింది. అందులో మెతుకులున్నాయి గానీ చెడ్డవనడానికి పేరయ్యకి మనసొప్పలేదు. తాతబ్బాయి గేదెల కుడితి తెచ్చాడు. గేదె తాగే నీళ్ళు చెడ్డవెలా అవుతాయని మంగాయమ్మ నొచ్చుకుంది. చివరికి ముగ్గురూ వీధి చివరి మురిక్కాలవ దగ్గరికి వెళ్ళి ముక్కులు పెట్టి చూశారు. అక్కడ ఎవరికీ రెండో మాట లేకపోయింది. ఎలక్ట్రోడుని ఆ నీళ్ళలో పెట్టి, సీసాని దేవుడి గూటి పక్కన ఉంచారు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు.

మర్నాడు తెల్లవారగానే అక్షరాభ్యాసం. ముందు అన్నీ ఒకే వేడికి రావాలి. ఆ పని వంటింటిది గనక మంగాయమ్మ తీసుకుంది.

"ఇడ్లీ పాత్రలో పెడితే పదహారు ఇడ్లీలూ ఒకేలా ఉడుకుతాయి" అంది. "ఒకటి చల్లగా ఒకటి వెచ్చగా ఎప్పుడైనా ఉందా మనింట్లో?"

ఎప్పుడూ లేదు. అందుకని బఫర్ సీసాలు రెండూ, చెరువు నీళ్ళ గ్లాసూ, ఎలక్ట్రోడూ ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేసింది. మీటరు డబ్బా పట్టలేదు, దాన్ని తీగతో సహా బయటే ఉంచింది. పావుగంట ఆవిరి పట్టించి, తీసి వేలితో ముట్టుకుని చూసింది. అన్నీ ఒకేలా కాలాయి.

"ఏడులో పెట్టాలి అంటే పొద్దుటి ఏడా, సాయంత్రం ఏడా?" అని అడిగింది.

"అక్షరాభ్యాసం సాయంత్రం ఎవరైనా చేస్తారా?" అన్నాడు పేరయ్య.

పళ్ళెంలో బియ్యం పోశారు. పసుపు ముద్ద పెట్టారు. మీటరు డబ్బాకి బొట్టు పెట్టి, పేరయ్య దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. సరిగ్గా ఏడు గంటలకి ఎలక్ట్రోడు చివర పట్టుకుని బియ్యంలో ఏడు అంకె దిద్దించి, ఏడు సీసాలో ముంచాడు. తాతబ్బాయి మీట నొక్కాడు. పది గంటల దాకా ముగ్గురూ పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. పది కొట్టగానే కడిగి, పది దిద్దించి, పది సీసాలో ముంచారు. మళ్ళీ మీట. మంగాయమ్మ అందరికీ పంచదార పెట్టింది. మీటరు నోట్లో పెట్టడానికి చోటు కనిపించక తీగ మీద కాస్త అద్దింది.

మీటరు మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. తాతబ్బాయి పదో తరగతి దాకా చదివాడు. కూడబలుక్కుని చదివాడు. "స్లోప్. అరవై ఒకటి."

అది బాగున్నట్టో కాదో తెలియలేదు. పేరయ్య ఫోన్ చేశాడు.

"అరవై ఒకటా?" అంది సుభాషిణి. "బాగా పడిపోయిందండి. స్లోప్ తొంభై అయిదుకి పైన ఉండాలి. అంతకన్నా తక్కువుంటే మీ చెరువు గురించి ఏం కొలిచినా నమ్మడానికి లేదు. ముందు స్లోప్ సంగతి చూసుకోండి."

అవతల ఇంకో రైతు వచ్చినట్టున్నాడు, స్లోప్ అంటే మీటరు చురుకుని చెప్పే లెక్క అని చెప్పకుండానే పెట్టేసింది.

ఇక్కడ పేరయ్య గురించి ఒక మాట చెప్పాలి. పీహెచ్ అనే మాట అతనికి కొత్త. క్యాలిబ్రేషన్ కొత్త. కానీ స్లోపు అనే మాట పదిహేనేళ్ళుగా తెలుసు. చెరువు తవ్వే ప్రతివాడికీ తెలుసు. చెరువు గట్టుకి ఉండే వాలునే స్లోపు అంటారు. ఇన్ని తెలియని మాటల మధ్య తెలిసిన మాట ఒకటి వినబడేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"రొయ్య ఎందుకు తినటం లేదో ఇప్పుడు తెలిసింది. గట్టు స్లోపు పడిపోయింది" అన్నాడు. "ఫోన్లోనే ఎంత బాగా కనిపెట్టింది చూడండి."

ముగ్గురూ వెళ్ళి చూశారు. వర్ధనరాజు గారి చెరువుకీ వీళ్ళ చెరువుకీ మధ్య ఉన్న గట్టు నిజంగానే పడుకున్నట్టు ఏటవాలుగా ఉంది. అన్ని గట్లూ అలాగే ఉంటాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వెంటనే మట్టి తవ్వే పొక్లెయిను పిలిపించారు.

పొక్లెయిను నడిపే ఎర్రబ్బాయి పని విని మిషను ఆపేశాడు. "రెండు వైపులా చెక్కేసి నిటారుగా చెయ్యమంటున్నారు. అలా అయితే గట్టు నిలబడదండి."

"ఇప్పుడు పడుకుని ఉంది. దాన్ని నిలబెట్టమనే కదా నీకు చెబుతున్నది" అన్నాడు పేరయ్య. "పడుకున్నదానికన్నా నిలబడ్డది గట్టిది. నువ్వెప్పుడైనా పడుకుని బస్తా మోశావా?"

ఎర్రబ్బాయి కాసేపు ఆలోచించాడు. మోసినట్టు గుర్తు రాలేదు. అంతే, గట్టు చెక్కేశాడు. మధ్యాహ్నానికల్లా గట్టు గోడలా నిలబడింది. అతను మిషను ఎక్కి అవతలి రోడ్డు దాకా వెళ్ళాడో లేదో, నిలబడ్డ గట్టుకి నడుం దగ్గర ఒక చెమ్మ మరక కనిపించింది. మరక కన్నం అయింది. కన్నం గండి అయింది. ఇంకేముంది, పేరయ్య చెరువు ఎత్తు, రాజు గారి చెరువు పల్లం. నీళ్ళు పోవడం మొదలైంది. నీళ్ళతోపాటు రొయ్యలూ.

తాతబ్బాయి పార అందుకున్నాడు. మంగాయమ్మ ఇసక బస్తా ఈడ్చుకొచ్చింది. ఎర్రబ్బాయిని కేకేస్తే మిషను వెనక్కి వచ్చేదే. కానీ పేరయ్య చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "తెలియకుండా ఏదీ చెయ్యకూడదు. అడుగుదాం ఉండండి." ఫోన్ తీశాడు. 

"మేడం గారూ, పోతోందండి. కిందకి పోతూనే ఉంది. ఆగటం లేదు."

"ఎంత నుంచి ఎంతకి వచ్చిందండీ?" అంది సుభాషిణి.

పేరయ్య చెరువులో పాతిన అడుగుల కొలకర్ర వంక చూశాడు. "అయిదుండేదండి. నాలుగున్నరకి వచ్చింది. ఇప్పుడు నాలుగుంబావు."

"అంత తక్కువ ఉండదండి. ఎలక్ట్రోడు కుదురుకోలేదు. అది చూపించేది నమ్మకండి."

"కళ్ళకి కనిపిస్తోందండి."

"కనిపించినా నమ్మకండి. అలా జారిపోతూ ఉంటే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. మామూలే. మీరేం చెయ్యి పెట్టకండి. కాసేపు వదిలేస్తే అదే ఒక చోట ఆగుతుంది."

పేరయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "డ్రిఫ్టంట. మామూలేనంట. ఎవరూ చెయ్యి పెట్టకండి."

తాతబ్బాయి పార కింద పెట్టాడు. మంగాయమ్మ బస్తా మీద కూర్చుంది. ముగ్గురూ గట్టున వరసగా కూర్చుని, రెండు నెలలు పెంచిన పంట తమ కళ్ళ ముందే పక్క చెరువులోకి పోతుంటే చూశారు. ఒక రొయ్య ఎగిరి మంగాయమ్మ ఒళ్ళో పడింది. చెయ్యి పెట్టకూడదు గనక చీర కొంగుతో దాన్ని మెల్లగా నీళ్ళలోకి జార్చింది.  పేరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ కనిపించినా నమ్మొద్దంది కదా అని తనకి తనే చెప్పుకున్నాడు.

రెండు చెరువుల నీళ్ళూ ఒకే మట్టానికి వచ్చాక ప్రవాహం ఆగిపోయింది.

"ఆగింది" అన్నాడు పేరయ్య. "ఆవిడ చెప్పినట్టే ఆగింది."

అప్పుడు వచ్చాడు వర్ధనరాజు. గట్టుండే చోట నిలబడి అటూ ఇటూ చూశాడు.

"పేరయ్యా, గట్టేది?"

"స్లోపు సరి చేశామండి రాజుగారూ."

"గట్టు లేకుండా స్లోపేంటి?"

పేరయ్య నిజాయితీగా ఆలోచించాడు. "తొంభై అయిదు కావాలన్నారండి. నూరు వచ్చేసినట్టుంది."

వర్ధనరాజు కోప్పడలేదు. కోప్పడితే ఆ కోపానికి కూడా వీళ్ళు ఏదో ఒకటి చేస్తారని భయం. ల్యాబుకి ఫోన్ చేసి సుభాషిణిని రమ్మన్నాడు. ఆవిడ స్కూటీ మీద గంటలో వచ్చింది. గండి చూసింది. జరిగింది విన్నది. తను ఫోన్లో ఏమేం అందో గుర్తుచేసుకుని అక్కడున్న ఇసక బస్తా మీదే కూలబడింది. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మూడు ప్రాణాల జీవనం తన నోటి మాట వల్ల పోయిందని అనుకుంది.

కాసేపటికి లేచి, సంచిలోంచి తన సొంత మీటరు తీసి, వీళ్ళ చెరువు వైపు ఒకసారి, రాజు గారి వైపు ఒకసారి ముంచి చూసింది. మళ్ళీ చూసింది.

"రెండు వైపులా ఎనిమిది పాయింట్ ఒకటి ఉంది" అంది నమ్మలేనట్టు. "రొయ్యకి ఇంతకన్నా బాగా ఉండనక్కర్లేదు. పేరయ్య గారి నీళ్ళు నిన్న ఏడే కదా. రాజుగారూ, మీ చెరువులో ఎంత ఉండేదండీ?"

వర్ధనరాజు గొంతు సవరించుకున్నాడు. అవతలి ఒడ్డు వంక చూశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి చెప్పుకోలేని సంగతి ఒకటి ఉంది. అతని రొయ్య కూడా నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. నాచు పట్టి నీళ్ళు పచ్చగా తిరిగాయి.

"తొమ్మిదిన్నర దాకా పోయింది లెండి" అన్నాడు చివరికి.

చవుడు వైపు పోయిన నీళ్ళూ, పులుపు వైపు పోతున్న నీళ్ళూ కలిసి సర్దుకున్నాయి. మంగాయమ్మ మేత ట్రే దింపింది. అరగంట ఆగి పైకి లాగారు. ట్రే తుడిచిపెట్టినట్టు ఉంది. పేరయ్య ఆ ఖాళీ ట్రేని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 

"స్లోపు సరిచేస్తే తింటుందని నేను చెప్పలేదా?" అన్నాడు.

  ఏ రొయ్య ఎవరిదో తేలే దారి లేదు గనక, పంట అయ్యేదాకా రెండు చెరువులూ ఒకటిగానే సాకుదామని, పట్టినప్పుడు పంచుకుందామని వర్ధనరాజే అన్నాడు. గట్టు మళ్ళీ వేద్దామా అని పేరయ్య అడిగితే మాత్రం గట్టు జోలికి పోవద్దని చేతులు జోడించాడు.

సుభాషిణి వెళ్ళే ముందు తన పాత మీటరు ఎలా ఉందో చూస్తానంది. ఇంట్లో దేవుడి గూటి పక్కనున్న సీసా మూత తీసి, ముక్కు మూసుకుని, ఎలక్ట్రోడుని కడిగి వెలుతురులో పెట్టి చూసింది. గాజు బుడగకి సన్నగా చీలిక వచ్చింది.

"గాజు పోయిందండి" అంది. ముగ్గురూ దిగులుగా చూస్తుంటే పాపమనిపించి ఎప్పటిలాగే పోలికతో చెప్పింది. "ఈ గొట్టంలో ఇద్దరు కాపురం ఉన్నట్టు లెక్క. ఒకటి గాజు ఎలక్ట్రోడు, అది నీళ్ళ గుణం కనిపెడుతుంది. రెండోది రిఫరెన్స్ ఎలక్ట్రోడు, అది కదలకుండా ఒక చోట ఉంటుంది. దాన్ని చూసుకునే గాజు తన మాట చెబుతుంది. ఇద్దరూ ఉంటేనే పని. ఇప్పుడు గాజు పోయింది. రిఫరెన్స్ ఒక్కటే మిగిలింది. అది ఒంటరిగా ఏమీ చెప్పలేదు. నేను నాలుగు రోజుల్లో కొత్తది పంపిస్తాను."

ఆవిడ స్కూటీ వీధి మలుపు తిరగగానే మంగాయమ్మ కళ్ళొత్తుకుంది.

"ఒకే గొట్టంలో ఉన్నారు పాపం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ."

ఇంకేముంది, ఇంట్లో మైల. పొయ్యి వెలిగించలేదు. తాతబ్బాయి గడ్డం పెంచాడు. మిగిలిన రిఫరెన్సుని తెల్లగుడ్డలో చుట్టి చాప మీద పడుకోబెట్టారు. మంగాయమ్మ దాని పక్కనే కూర్చుని, ఎంత ఏడ్చినా పోయినవాళ్ళు రారని ఓదార్చింది. అది ఏమీ చెప్పలేదు. ఒంటరిగా ఏమీ చెప్పలేదని ముందే అన్నారు గనక మంగాయమ్మ కూడా బలవంతపెట్టలేదు.

మూడు రోజులు పేరయ్య చెరువు మొహం చూడకపోయేసరికి వర్ధనరాజు ఇంటికొచ్చాడు. తనొక్కడే రెండు చెరువులకీ మేత వేసి అలిసిపోయాడు.

"ఏమైంది పేరయ్యా?"

"మైలండి. ఇంట్లో పోయారు."

"ఎవరు?"

"గాజు."

వర్ధనరాజు అరుగు మీద కూర్చుని చాప వంకా, తెల్లగుడ్డ వంకా చూశాడు. తెలివైనవాడు గనక, ఇక్కడ తన తెలివి పనిచేయదని గ్రహించాడు.

"గాజు ఎవరింటి మనిషి?" అన్నాడు.

"ల్యాబు వాళ్ళ మనిషండి."

"మీరు తెచ్చుకున్నది వాడుకుని తిరిగిచ్చేయడానికి. మీ ఇంటి పేరు దానికి రాలేదు. అలాంటప్పుడు మైల మీకెందుకు పడుతుంది? ల్యాబు వాళ్ళకే."

పేరయ్య ఆలోచించాడు. మాట మాటా సరిపోయింది. లేచి తలమీద చెంబుడు నీళ్ళు పోసుకుని, కండువా దులుపుకుని చెరువుకి బయల్దేరాడు. తాతబ్బాయి మాత్రం ల్యాబుకి ఫోన్ చేసి, మీకు మైల కదా, పదకొండు రోజులూ జాగ్రత్తగా ఉండండి మేడం అని పరామర్శించాడు. సుభాషిణి ఏమంటుంది. అలాగేనండి అంది.

అన్న మాట ప్రకారం కొత్త ఎలక్ట్రోడు బస్సులో పార్సిల్ వచ్చింది. దాంతోపాటు ఉప్పుద్రావణం సీసా కూడా. ఈసారి సుభాషిణి ఫోన్ చేసే ముందు తన బల్ల దగ్గర కూర్చుని ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది. పోలికలన్నీ కొట్టేసింది. స్లోప్ కొట్టేసింది. వేడి కొట్టేసింది. ఇంకో అర్థం తీయడానికి వీల్లేని ఒకే ఒక్క మాట మిగిల్చింది.

"మంగాయమ్మ గారూ, జాగ్రత్తగా వినండి. కొత్తది పొడిగా వచ్చింది. దాన్ని ఆ సీసాలో ఉన్న ద్రావణంలోనే ఒక పూట నానబెట్టండి. ఇంకేం చెయ్యకండి అంతవరకూ. ఏదీ, తిరిగి చెప్పండి."

"ఒక పూట నానబెట్టాలి" అంది మంగాయమ్మ. "అంతే కదండీ?"

"అంతే."

సుభాషిణి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. మొదటిసారి వాళ్ళు తన మాటని సరిగ్గా పట్టుకున్నారని ఆ పూటంతా సంతోషంగా పని చేసుకుంది.

మంగాయమ్మ చెప్పింది చెప్పినట్టే చేసింది. ఆ సీసాలోనే, ఆ ద్రావణంలోనే, మర్నాడు పొద్దున్న ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నానబెట్టింది. నానబెట్టాక ఏం చెయ్యాలో సుభాషిణి చెప్పలేదు. పాతికేళ్ళుగా సంసారం చేస్తున్న ఆడమనిషికి అది ఇంకొకళ్ళు చెప్పాలా?

రెండింటికి ల్యాబులో ఫోన్ మోగింది. వెనకాల గ్రైండరు తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు మీంచి మంగాయమ్మ కేకేసి మాట్లాడుతోంది.

"మేడం గారూ, బాగానే నానిందండి. గంట నుంచి రుబ్బుతున్నాను. ఇంకా పలుకు పలుకుగానే తగులుతోంది. కాస్త నీళ్ళు చిలకరించమంటారా?"